ఆన్‌లైన్ ఆటల్లో దొంగ గురి

మెదక్ టౌన్: గోడ చాటున నక్కినా ప్రత్యర్థి తూటా సూటిగా తలకే తగులుతోందా? అది నైపుణ్యం కాకపోవచ్చు. సెల్‌ఫోన్‌లో బీజీఎంఐ వంటి ఆటలు ఆడే పట్టణ యువతకు ఈ అనుమానం కొత్తది కాదు.

ఆట తడబడకుండా సాగాలంటే చుట్టుపక్కల ఆటగాళ్లు ఎక్కడున్నారో సర్వర్ ముందుగానే ప్రతి ఫోన్‌కూ తెలపవలసి ఉంటుంది. తెరపై కనబడని ఆ సమాచారాన్ని ఫోన్ మెమరీలోంచి చదివి చూపేదే ‘వాల్‌హ్యాక్’. గురిని తానే సరిచేసేది ‘ఎయిమ్‌బాట్’. సర్వర్ కంపెనీ అధీనంలో, ఫోన్ ఆటగాడి చేతిలో ఉండడమే అసలు చిక్కు. సమాచారాన్ని చివరి క్షణం దాకా ఆపితే మోసం తగ్గుతుంది గానీ, నెట్ నెమ్మదించినప్పుడు ప్రత్యర్థి గాలిలోంచి ఊడిపడినట్లు కనబడతాడు.

2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్‌స్ట్రైక్ పోటీలో భారత జట్టు ఆటగాడు ఒకడు ‘వర్డ్’ పేరుతో దాచిన ఇటువంటి ప్రోగ్రామ్‌తో పట్టుబడ్డాడు. నిర్వాహకుల ఎదుటే దానిని చెరిపేయబోయాడు. అతడిపై అయిదేళ్ల నిషేధం పడింది. జట్టూ రద్దయింది, నలుగురు సహచరులకు దక్కిన ఫలితమిది.

‘ఉచిత హ్యాక్’ పేరిట వచ్చే ఏపీకే ఫైళ్లతో మరో ముప్పు. ఎస్ఎంఎస్‌లు చదివేందుకు అనుమతినిస్తే బ్యాంకు ఓటీపీలు పరుల పాలవుతాయి. పిల్లలు ఆడేది తరచూ తండ్రి ఫోన్‌లోనే. సొమ్ము పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.