బండల ఇంట్లో పాట

తుమ్మలపల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి రెండు వారాలుగా నా బల్ల మీదే ఉంది. రాసినాయన చీనీ తోట రైతు. ఆయన దగ్గర పదేళ్ల కిందట కొన్న యాంప్లిఫైయర్, నిలువు స్పీకర్లు రెండు, ఒక సీడీ ప్లేయర్ ఉన్నాయి. ఈ ఏడు కాయలమ్మిన డబ్బులో యాభై వేలు పాటల కోసం పక్కన పెట్టుకున్నారు. పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టినప్పటి నుంచి పాట ముద్ద ముద్దగా వినబడుతోందట. టౌనులో అంగడాయన యాంప్లిఫైయర్ మార్చమన్నాడు. బంధువుల పిల్లవాడు స్పీకర్లన్నాడు. ఇంకొకరు వైర్లన్నారు. "యా పెట్టె మార్చాల సార్?" అని అడిగారు.

ఇంతవరకైతే మామూలు ప్రశ్నే. నన్ను పట్టేసింది ఉత్తరం చివరి నాలుగు వాక్యాలు. ఏప్రిల్‌లో ఉక్కపోతకు తాళలేక సెట్టంతా మిద్దె మీదికి మోయించి, రాత్రి మంచం మీద పడుకుని బాలమురళిని విన్నారట. ఒక్కో అక్షరం విడివిడిగా, పక్కన కూర్చుని పాడినట్టు వినబడిందట. మర్నాడు కిందికి దించితే మళ్లీ అదే ముద్ద. "పెట్టెలు అవే, వైర్లు అవే, చెవులు అవే. ఏం మారింది?"

ఇంత శుభ్రమైన ప్రయోగం చేసిన మనిషికి జవాబు చెప్పడం నాకు పండగ. మారింది ఒక్కటే. కింద గోడలున్నాయి, పైన లేవు.

సామాన్ల సంగతి త్వరగా తేల్చేద్దాం. పాడుకాని యాంప్లిఫైయర్ పాటకు చేసే చెరుపు వెయ్యిలో ఒక పాలు కూడా ఉండదు. దాని శక్తి రెట్టింపు చేస్తే చెవికి చేరే పెంపు 3 డెసిబెళ్లే. ఐదు మీటర్ల వైరుకు, ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తీసుకుంటే, రానూపోనూ కలిపి నిరోధం 0.07 ఓములు. 8 ఓముల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. స్పీకరు మాత్రం నిజంగానే బలహీనమైన చోటు. లోపలికి వెళ్లిన విద్యుత్తులో వందో వంతు శబ్దంగా బయటికొస్తే గొప్ప. అయినా ఈ ఇంట్లో మొదటి దోషి స్పీకరు కాదు.

హాలు 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు అని రాశారు. నేల పాలిష్ పట్టిన నల్లటి కడప బండ. గోడలకు సిమెంటు పూత, పైన స్లాబు, కిటికీలకు అద్దాలు, కూర్చోడానికి రెగ్జిన్ సోఫా. ఆ నేల ఎక్కడిదో తెలుసా? నార్జి సున్నపురాయి. బెలుం గుహలు ఏర్పడింది ఆ రాతిలోనే. గుహలో సప్తస్వరాల గది చూసినవాళ్లకు రాయి ఎలా మోగుతుందో చెప్పనక్కర్లేదు. తుమ్మలపల్లె పేరును దేశమంతటికీ తెలిపిన యురేనియం కూడా సున్నపురాయికి దగ్గరి చుట్టమైన డోలమైట్ రాతిలోనే ఉంది. రాతి నడుమ పుట్టిన ఊళ్లో ఆయన చిన్న గుహ ఒకటి కట్టుకుని అందులో పాట పెట్టారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. స్పీకరు నుంచి బయల్దేరిన శబ్దం ఆ హాల్లో సగటున రెండున్నర మీటర్లు పోగానే ఏదో ఒక గోడకు తగులుతుంది. సెకనుకు 344 మీటర్ల వేగం కాబట్టి సెకనులో 140 సార్లు తగిలి తిరుగుతుంది. తగిలిన ప్రతిసారీ కొంత శక్తి పోవాలి. నున్నటి రాయి నూటికి ఒకటో రెండో తీసుకుంటుంది. తలుపుల చెక్క, సోఫా అన్నీ కలుపుకుని సగటున నూటికి నాలుగు పోతాయనుకుందాం. శబ్దం పదిలక్షల్లో ఒక వంతుకు తగ్గాలంటే, అంటే చెవి దాన్ని ఇక మరిచిపోవాలంటే, 340 సార్లు గోడకు కొట్టుకోవాలి. దానికి పట్టే కాలం 2.4 సెకన్లు. పాటలో సెకనుకు ఐదారు అక్షరాలొస్తే, పాత అక్షరాలు పన్నెండు గదిలో ఇంకా తిరుగుతుండగానే కొత్త అక్షరం వచ్చి పడుతుంది. ఆయన చెప్పిన ముద్ద అదే.

ఇంకో లెక్క వేస్తే నాకే ఆశ్చర్యం కలిగింది. స్పీకరుకు మూడు మీటర్ల దూరంలో సోఫాలో కూర్చుంటే, చెవికి చేరే శబ్దంలో స్పీకరు నుంచి నేరుగా వచ్చేది నూటికి నాలుగు పాళ్లు. మిగతా తొంభై ఆరూ గోడలు పాడినవే. యాభై వేలు పెట్టి ఏ పెట్టె మార్చినా దాన్ని పాడించేది ఆ గోడలే.

గదిలో ధ్వని ఎంతసేపు నిలుస్తుందో మొదట పద్ధతిగా కొలిచినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్త ఉపన్యాసశాల తెరిస్తే ఒక్క మాటా అర్థం కాలేదు. దాన్ని బాగుచేయమని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఇరవై ఏడేళ్ల సబీన్‌కు అప్పగించాడు. ఆయన దగ్గరున్న పరికరాలు ఒక ఆర్గన్ గొట్టం, కాలం కొలిచే యంత్రం, తన చెవులు. వీధి చప్పుడు అణిగాక, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా పని. పక్కనున్న సాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రి మోసుకురావడం, కొన్ని పరిచి కొలవడం, ఇంకొన్ని పరిచి కొలవడం, తెల్లారేలోగా తిరిగి పెట్టేయడం. ఖాళీ శాలలో గొట్టం ఆపాక ధ్వని 5.62 సెకన్లు వినబడింది. మెత్తలన్నీ పరిస్తే 1.14కు దిగింది. తన ఒంటి మీది బట్టలు కూడా ధ్వనిని పీలుస్తున్నాయని ఒకనాడు గ్రహించి, ఏ బట్టలేసుకున్నాడో రాసిపెట్టుకోని వేల కొద్దీ కొలతలను పారేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ నిజాయితీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మూడేళ్ల తర్వాత, 1898లో, ఆ అంకెల వెనకున్న గీత ఆయనకు కనబడింది. అది అతిపరావలయం. మాట పెద్దదే కానీ విషయం చిన్నది. ధ్వని నిలిచే కాలాన్ని, గది పీల్చే శక్తిని గుణిస్తే ఎప్పుడూ ఒకే సంఖ్య వస్తుంది. గది ఘనపు మీటర్లను 0.16తో గుణిస్తే ఆ సంఖ్య దొరుకుతుంది. పీల్చే శక్తికి ఆయన ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీ లోంచి బయటికి పోయిన శబ్దం తిరిగిరాదు కనుక, ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక పాలు. ఆ సూత్రంతో ధ్వని లెక్క వేసి కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరిచారు. ప్రపంచంలో మేటి సంగీతశాలల్లో ఒకటిగా ఇప్పటికీ దానికి పేరుంది.

ఆ గీతలో దాగిన అందం తుమ్మలపల్లె హాల్లో చూడండి. దాని ఘనపరిమాణం 51 ఘనపు మీటర్లు కాబట్టి మన సంఖ్య 8.2. ఇప్పుడు హాలు పీల్చేది 3.4 పాళ్లు. ఆరడుగుల దూది పరుపొకటి గోడవార నిలబెడితే రెండున్నర పాళ్లు కలుస్తాయి. 2.4 సెకన్ల మోత 1.4 అవుతుంది. రెండో పరుపుకు ఒక సెకనుకు దిగుతుంది. మూడోదానికి ముప్పావు సెకను. మొదటి పరుపు పూర్తిగా ఒక సెకను తీసేస్తే మూడోది పావు సెకనే తీసింది. బోసిగా ఉన్న గదిలోనే మొదటి దూదికి అంత విలువ.

దూది ఏం చేస్తుంది? శబ్దమంటే గాలి కణాల ఊగులాట. ఆ ఊగే గాలి దూది పోగుల సందుల్లో దూరి రాసుకుని, శక్తిని అణువంత వేడిగా వదిలేస్తుంది. అందుకే గాలి దూరని వస్తువు పనికిరాదు. రాయలసీమ పల్లెల్లో పాటలు రికార్డు చేసే కుర్రాళ్లు గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం చాలా చోట్ల చూశాను. అట్ట పలచన, అది పైస్థాయి ధ్వనిని కాస్త తగ్గించి కింది ధ్వనిని అలాగే వదిలేస్తుంది. థర్మోకోల్ అంతకన్నా వ్యర్థం. దాని బుడగలన్నీ మూసుకుని ఉంటాయి. రెగ్జిన్ సోఫాలో మెత్త ఉన్నా పైన తొడుగు గాలిని రానివ్వదు. పరీక్ష సులువు. వస్తువును నోటికి ఆనించి ఊదండి, ఊపిరి లోపలికి దూరితే అది ధ్వనిని పీలుస్తుంది. సబీన్ కాలంలోనూ తప్పుదారి పట్టినవాళ్లున్నారు. ప్రార్థనామందిరాల్లో మోత తగ్గుతుందని పైకప్పు కింద తీగలు లాగి కట్టేవారు. వాటివల్ల లాభం లేదని ఆయనే రాశాడు.

మా తాతగారి ఇల్లు మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద బోద, పైన చౌడు. మట్టిగోడ గూట్లో చిన్న రేడియో ఉండేది. అరచేయంత స్పీకరే అయినా వార్తల్లో ఒక్క మాట తప్పిపోయేది కాదు. మూలన వేరుశనక్కాయల మూటలు, దండెం మీద బొంతలు, కంబళ్లు ఉండేవి. మేం అది పాతకాలపు రేడియో గొప్పదనమనుకునేవాళ్లం. ఇప్పుడు తెలుస్తోంది, సగం గొప్పదనం బొంతలది.

ఉత్తరం రాసినాయన అడిగిందానికి జవాబు ఇదీ. ముందు హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. వెనకాలే జిర్రుమని తోక వినబడితే డబ్బు సంచి మూసేయండి. ఆదోని దూదితో రెండు పరుపులు కుట్టించండి. వాటిని గోడకు అంటించకుండా జానెడు ఎడం ఉంచండి. గోడను ఆనుకుని గాలి ఊగలేదు, కాస్త ఎడంగా ఉంటేనే ఊగుతుంది, దూదికి అక్కడ పని దొరుకుతుంది. తలుపొకటి తెరిస్తే సబీన్ లెక్కన రెండు పాళ్లు. నలుగురు మనుషులు కూర్చుంటే ఇంకో రెండు. మోత 0.7 సెకనుకు దిగుతుంది. సోఫాను స్పీకర్లకు ఒకటిన్నర మీటర్ల దగ్గరికి జరిపితే, నేరుగా వచ్చే పాట నూటికి నాలుగు పాళ్ల నుంచి మూడో వంతు దాటుతుంది.

మంద్ర ధ్వని మాత్రం పరుపుకు లొంగదు. ఆ హాలు పొడవుకు 38, వెడల్పుకు 47 హెర్ట్జ్ దగ్గర సొంత మోత ఉంది. ఆ అలలు ఏడు నుంచి తొమ్మిది మీటర్ల పొడవుంటాయి, జానెడు దూది వాటికి ఆనదు. వెనక గోడకు తల ఆనించి కూర్చుంటే అవి ఎక్కువగా వినబడతాయి, సోఫా ముందుకు జరగడానికి అదింకో కారణం. ఇవన్నీ చేశాక పదిరోజులు వినండి. అప్పటికీ కొరత తోస్తే స్పీకర్లు మార్చండి. యాంప్లిఫైయర్ జోలికి పోవద్దు. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ సెట్టును మిద్దెక్కించి, అదే బాలమురళి పాటను పైనా కిందా పెట్టి చూసి, రెండింటికీ ఎంత తేడా మిగిలిందో నాకు ఒక కార్డు ముక్క రాయండి.