సొరకాయ పందిరికి కొంచెం మెకానిక్స్

అలిపిరి వైపు మిద్దెల మీద సొర, బీర, కాకర, చిక్కుడు ఏదో ఒకటి కనిపిస్తుంది. విత్తనం వేయడం ఈజీ. కష్టమంతా పందిరిదే. ఒక్కో సొరకాయ కిలో, కిలోన్నర తూగుతుంది. పది కాయలు వేలాడితే 15 కిలోల దాకా ఉంటుంది, పైన ఆకులు, వాన నీళ్లు, గాలి. తిరుపతికి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలోనే వస్తాయి. 2021 నవంబర్ వానలకి తిరుమల నడక దారులే మూసేశారు. అలాంటి రోజు పందిరి పిట్టగోడ దాటి వీధిలో పడితే, పోయేది కూర ఒక్కటే కాదు, కింద నడిచేవాళ్లకి దెబ్బలు తగులుతాయి.

మొదట మొక్క పని చూద్దాం. సొర, బీర, కాకర నులితీగలతో పట్టుకుంటాయి. నులితీగ సన్నటి వాటినే చుట్టుకోగలదు. లావు వెదురు బొంగు మీద దానికి పట్టు దొరకదు, అందుకే బొంగుకి పురికొస చుట్టాలి. ఒకసారి పట్టుకున్నాక అది స్ప్రింగులా మెలికలు తిరుగుతుంది, సగం ఒక వైపుకి, సగం ఇంకో వైపుకి. 1865లోనే డార్విన్ ఎగబాకే మొక్కల గురించి రాసిన దాంట్లో ఇది ఉంది. గాలికి సాగి మళ్లీ దగ్గరవుతుంది కాబట్టి అంత సులభంగా తెగదు. చిక్కుడుకి నులితీగలు ఉండవు, కాండమే చుట్టుకుంటుంది. దానికి నిలువు కర్ర చాలు.

ఇక మన పని. రెండు గుంజల మధ్య వైరుని ఎంత బిగిస్తే అంత గట్టి అనుకుంటాం. లెక్క వేరేలా చెప్తుంది. మధ్యలో 10 కిలోలు వేలాడి వైరు 5 డిగ్రీలే వంగితే, ఒక్కో గుంజ మీద లాగుడు దాదాపు 57 కిలోలు. 10 డిగ్రీలు వంగనిస్తే 29 కిలోలే. బరువుని రెండు సైన్ తీటాతో భాగించండి, మీకే తెలుస్తుంది. అందుకే వైరుని కొంచెం వదులుగా కట్టాలి, పొడవు ఎక్కువైతే మధ్యలో ఇంకో గుంజ పెట్టాలి.

పొలాల్లో శాశ్వత పందిళ్లకి రాతి కూసాలు నాటి, చివరి కూసాలని బయటి వైపుకి వైరుతో లాగి నేలలో దించుతారు. మిద్దె మీద నేల లేదు కదా! అక్కడ నాలుగు గుంజల తలలని వెదురు బొంగులతో చుట్టూ కలిపి కట్టండి. అప్పుడు లోపలికి లాగే బలాన్ని ఆ బొంగులే మోస్తాయి. గుంజల అడుగుని మట్టి నింపిన డ్రమ్ముల్లో నిలపొచ్చు. ఇటుక పిట్టగోడకి మాత్రం కట్టొద్దు, అది పక్కకి లాగే బరువు కోసం కట్టింది కాదు.

బూడిద గుమ్మడి 5 కిలోలు దాటుతుంది. పాత చున్నీతో ఉయ్యాల కట్టి, రెండు కొసలూ పందిరి బొంగుకే ముడేయండి, తీగకి కాదు. వాన హెచ్చరిక వస్తే ముదిరిన కాయలు కోసేసి, ముడులన్నీ ఒకసారి చూసుకోండి. పది నిమిషాల పని.