కెమేరా లేని వానపాట!

వానపాట అనగానే మీకేం గుర్తొస్తుంది? తడిసి ముద్దయిన చీరలో హీరోయిన్, ఎంత తడిసినా క్రాఫు చెదరని హీరో, వెనకాల వయొలిన్ల హోరు! అంతేనా? 'వేటగాడు' (1979)లో ఎన్.టి.రామారావు, శ్రీదేవి తడుస్తూంటే హాల్లో కూచున్నవాళ్ళకి కూడా జలుబు చేసినంత పనయింది. 'గీతాంజలి' (1989)లో గిరిజ చినుకుల్లో గంతులేస్తే కుర్రకారు గొడుగులు మూసేశారు. ఇక 'వర్షం' (2004) సంగతి చెప్పేదేముంది, పేరులోనే వాన పెట్టుకుని వచ్చింది!

అయితే సినిమా వాన చాలాసార్లు మబ్బుల్లోంచి రాదు, ట్యాంకర్లలోంచి వస్తుంది. చిల్లులు పెట్టిన గొట్టాల్ని ఎత్తున కట్టి నీళ్ళు వదుల్తారు. వెనకనుంచి లైటు కొడితేనే ఆ చినుకు కెమేరా కంటికి వెండిదారంలా మెరుస్తుంది. ఎదరనుంచి కొడితే ఉన్న వాన కూడా కనిపించదు. సన్నటి నిజం చినుకయితే తెరమీద ఆనదు. పైగా డైరెక్టరు "కట్" అన్నాడంటే వాన ఆగాల్సిందే. వెంటనే తువ్వాలు, వేడి వేడి కాఫీ సిద్ధం!

మరి "కట్" చెప్పేవాడు లేని వానలో, అదీ చలికాలంలో, పల్లెదారిన పది కిలోమీటర్లు నడిస్తే ఎలా ఉంటుంది? కూకట్‌పల్లి కుర్రాళ్ళనీ అమ్మాయిల్నీ అడగండి, చెప్తారు.

చలికాలంలో వానేమిటి?

తెలంగాణకి అసలు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. అక్టోబరు దాటాక వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన తమిళనాడుకి, మన కోస్తా దక్షిణ జిల్లాలకే ఎక్కువ దక్కుతుంది. కానీ బంగాళాఖాతం ఊరుకోదుగా! 2022 డిసెంబరు 9 రాత్రి 'మాండూస్' తుఫాను మామల్లపురం దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు డిసెంబరు 5న 'మిచౌంగ్' బాపట్ల దగ్గర దాటింది. ఇలాంటివి వచ్చినప్పుడు మబ్బు వందల కిలోమీటర్లు పరుచుకుంటుంది. ఇక్కడ ఉరుములుండవు, మెరుపులుండవు. పొద్దున్నుంచి రాత్రి దాకా సూర్యుడి మొహం కనపడదు. జల్లెడలోంచి జారినట్టు సన్నటి తుంపర. దాన్నే మనవాళ్ళు ముసురు అంటారు.

ముసురు పడితే దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం ఆనవాయితీ. కానీ హౌసింగ్ బోర్డు కాలనీ హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉండే కుర్రకారులో కొందరు అలా పడుకోరు. వారమంతా హైటెక్ సిటీలో ఏసీ గదుల్లో కంప్యూటర్ల ముందు కూచునే వీళ్ళకి ఆదివారం వస్తే కాళ్ళు దురదపెడతాయి. ఒకప్పుడు బెనిఫిట్ షో కోసం భ్రమరాంబ, మల్లికార్జున థియేటర్ల దగ్గరికి చీకటితోనే పరుగెత్తినవాళ్ళు ఇప్పుడు అదే వేళకి బూట్లు కట్టుకుంటున్నారు.

ఇలా గుంపుగా నడవడం హైదరాబాదుకి కొత్తేమీ కాదు. 1996లో ఏర్పడ్డ 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్ళు నగరం చుట్టూ ఉన్న బండరాళ్ళ మధ్య 'రాక్ వాక్'లు నడిపిస్తూ వచ్చారు. ఆ గ్రానైటు శిలల వయసు ఎంతనుకున్నారు? సుమారు 250 కోట్ల ఏళ్ళు! కాకపోతే వానకి తడిసిన బండ సబ్బుబిళ్ళలా జారుతుంది. అందుకే ముసురు పట్టిన రోజున బండలెక్కడం మాని, మట్టిదారి పట్టడం మంచిది. మట్టిదారి అంటే ముందుగా తట్టేది అనంతగిరి.

పదండి వికారాబాదు!

కూకట్‌పల్లి నుంచి లింగంపల్లి చేరితే అక్కణ్ణించి వికారాబాదుకి రైలుంది. శంకరపల్లి దాటాక కిటికీ అవతల మేడలు తగ్గి చేలు మొదలవుతాయి. వికారాబాదు స్టేషన్లో దిగి ఓ టీ కొట్టి కదిలితే ఆరు కిలోమీటర్లకి అటూ ఇటూగా అనంతగిరి కొండ. ఈ అడవిలో మన సినిమావాళ్ళు ఎన్ని ఛేజింగులు, ఎన్ని అడవి సీన్లు తీశారో లెక్కలేదు. తెరమీద ఎక్కడో కారడవి అనుకుని మీరు చూసిన చెట్లు కొన్ని ఇక్కడివే కావచ్చు!

మొదటి అరగంటా అంతా షోకే. పాటలు, కేకలు, ఫోటోలు. రెండో అరగంటకి మాటలు తగ్గుతాయి. కొండమీద ఎర్ర మొరం నేల, నడవడానికి బాగానే ఉంటుంది. కిందికి దిగి చేలగట్ల పక్కకి వచ్చారా, నల్లరేగడి మొదలు! అడుగు తీసి అడుగు వేసేసరికి బూటుకి మరో బూటంత మట్టి అంటుకుంటుంది. హీరోలా నడిచినవాడు కాస్తా బాతులా నడుస్తాడు. అప్పుడు మొదలవుతుంది అసలు నవ్వు.

మబ్బు కొండమీదికి దిగినప్పుడు చూడాలి! పది గజాల అవతల చెట్టు ఉందో లేదో తెలీదు. ఆకుల మీదనుంచి నీటిబొట్లు రాలే చప్పుడు తప్ప మరో చప్పుడుండదు. అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర మెట్లమీద కోతులు కూడా ముడుచుకుని కూచుంటాయి. మూసీనది పుట్టింది ఈ కొండల్లోనే. ఇక్కడ పడ్డ చినుకు వాగై, గండిపేట చెరువు చేరి, పొంగినప్పుడు నగరంలోకి వస్తుంది. అన్నట్టు, కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది, సాగర్ పొంగిన నీళ్ళు మళ్ళీ మూసీలోకే పోతాయి. మీరు కొండమీద ఆనందంగా తడిసిన చినుకూ, మీ గదివాడు కాలనీ రోడ్డు మీద తిట్టుకుంటూ తడిసిన చినుకూ చివరికి ఒకే నదివన్నమాట!

జీన్సు వద్దు బాబూ!

సరదా సరే, కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. జీన్సు ప్యాంటు తడిస్తే రాయిలా బరువెక్కుతుంది, సాయంత్రానికి కూడా ఆరదు. తేలిగ్గా ఆరే బట్టలే మేలు. పొడిబట్టలు ఓ జత, పొడి మేజోళ్ళు ప్లాస్టిక్ సంచిలో కట్టుకోవాలి. చలిలో దాహం తెలీదు, అయినా నీళ్ళు తాగుతూండాలి. పల్లీపట్టీ, అరటిపండు దగ్గరుంచుకోండి. అటవీశాఖ అనుమతించిన దారి వదిలి లోపలికి పోకూడదు. నీరు జోరుగా పారుతున్న వాగు మోకాలిలోతే అనిపించినా దిగకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం: గుంపు వేగం ముందు నడిచేవాడిది కాదు, వెనక నడిచేవాడిది. అందుకే నడక తెలిసినవాళ్ళు ఒకర్ని కావాలనే అందరికన్నా వెనక ఉంచుతారు. తడిసిన ఒంటికి గాలి తగిలి ఎవరికైనా వణుకు పట్టుకుని, మాట తడబడిందంటే అక్కడితో నడక ఆపేసి వెనక్కి తిరగాలి. "ఇంత దూరం వచ్చి, శిఖరం చూడకుండా పోవడమా?" అని ఎవడో ఒకడు గొణుగుతాడు. గొణగనివ్వండి! సినిమాలో హీరో జ్వరంతో కూడా కొండెక్కుతాడు, ఎందుకంటే డూపు ఉంటాడు గనక. మనకి డూపులు లేరు.

ఆ వాన ఎవరిది?

ఇక అసలు సంగతి. కొండదిగి పల్లెలోకి వస్తారు. తడిసిన మొహాలు, వెలిగే కళ్ళు. హోటల్లో టీ తాగుతూ "ఏం వాన, ఏం వాన!" అని మురిసిపోతూంటారు. పక్క బెంచీ మీద తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఏమీ అనడు. మీరే పలకరిస్తే, "మీకు మంచిగనే ఉంటది బిడ్డా, మా పత్తి చేల్లోనే ఉండె" అంటాడు.

ఆ ఒక్క మాట అర్థం కావాలంటే లెక్క తెలియాలి. డిసెంబరులో ఇక్కడ పత్తికాయ పగిలి తెల్లగా విచ్చుకుని ఉంటుంది. ముసురు పడితే ఆ పత్తి చెట్టుమీదే తడిసి రంగు మారుతుంది. సి.సి.ఐ. వాళ్ళు తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. ఆ పైన 12 శాతం దాకా ధర తగ్గించి కొంటారు. అదీ దాటితే కొనరు. అప్పుడు రైతు ఆరబెట్టుకోవాలి, లేదా దళారీ చెప్పిన ధరకి ఇవ్వాలి. ఆరబెడదామంటే ఎండేదీ?

పక్కచేలో కందిదీ అదే పాట్లు. ఈ జిల్లా తాండూరు కందిపప్పుకి పెద్ద పేరు, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పూత, కాయ మీదున్న కందికి మబ్బు పట్టిందంటే పూత రాలుతుంది, మారుకా మచ్చల పురుగు విజృంభిస్తుంది. మనం రైల్లో తినే ఇడ్లీలోకి సాంబారు వచ్చేది ఆ చేలోంచే కదా!

అలాగని నడవడం మానెయ్యమని కాదు. వానని చూడాలంటే ఇలా నడిచే చూడాలి. కాకపోతే చేలకి అడ్డంపడి నడవకండి, గట్టు వెంటే పోండి. చేలో తడిపత్తి ఏరుతున్న అక్కని ఫోటో తీసేముందు ఓ మాట అడగండి. టీ అక్కడే తాగండి, జామకాయలు అక్కడే కొనండి. పెద్దాయన మాట్లాడితే సెల్‌ఫోను జేబులో పెట్టి వినండి.

ఈసారి హాల్లో వానపాట వచ్చినప్పుడు ఈలలు వెయ్యండి, తప్పులేదు. వానపాటలో తడిసేది ఇద్దరే. నిజం వానలో ఊరంతా తడుస్తుంది.