శనివారం రాత్రి బయల్దేరేది

హ్యారియెట్ టబ్‌మన్ 300 మందిని బానిసత్వం నుంచి తప్పించిందని, ఆమె తలకు 40,000 డాలర్ల వెల కట్టారని చాలాచోట్ల చదివే ఉంటారు. రెండూ నోటికీ నోటికీ పెరిగిన లెక్కలే. చరిత్రకారులు తేల్చింది పదేళ్లలో సుమారు 13 ప్రయాణాలు, 70 మంది దాకా మనుషులు. 1849లో ఆమె పారిపోయినప్పుడు యజమానురాలు వేయించిన ప్రకటనలో, మేరీలాండ్ రాష్ట్రం బయట పట్టుకుంటే 100 డాలర్లన్నారు. అందులో పేరు 'మింటీ'. పుట్టినప్పుడు పెట్టింది అరమింటా రాస్.

మేరీలాండ్ నుంచి జనాన్ని తీసుకొచ్చేది ఎక్కువగా చలికాలంలో, రాత్రులు పొడుగు కనక. బయల్దేరేది శనివారం రాత్రి. పారిపోయారని తెలిసినా పత్రికలో ప్రకటన పడేది సోమవారమే మరి! చంటిపిల్లలు ఏడవకుండా నల్లమందు చుక్కలు వేసేది.

చిన్నతనంలో ఒక కావలిదారు ఇంకెవరి మీదికో విసిరిన రెండు పౌన్ల తూకపురాయి ఆమె తలకు తగిలింది. అప్పట్నుంచీ మాట్లాడుతూ మాట్లాడుతూనే ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయేది. అలాంటి మనిషిని నమ్ముకుని అంతమంది చీకట్లో అడవుల వెంట నడిచారు.

1851లో భర్త కోసం కొత్త బట్టలు పట్టుకుని వెనక్కి వెళ్లింది. ఆయన అప్పటికే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. రానన్నాడు. వస్తామన్నవాళ్లను తీసుకుని వచ్చేసింది.

ఒకసారి పాత దొర ఎదురైతే చేతిలోని కోళ్లను వదిలి, గోల చేస్తున్న వాటి వెంట పరుగెత్తి తప్పించుకుందట. ఇంకోసారి రైల్లో ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుంది. అక్షరమ్ముక్క రాదు, తలకిందులుగా పట్టుకోలేదు కదా అన్నదే భయం.

నాకు అన్నిటికన్నా నచ్చింది అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూన్ నాటి కాంబహీ నది దాడి. సౌత్ కరోలినా వరిపొలాల మధ్య ఉత్తరాది సైన్యం పడవలకు దారి చూపింది ఆమే. ఆ ఒక్క దాడిలో 700 మందికి పైగా విడుదలయ్యారు. పొయ్యి మీంచి దించినది దించినట్టే పొగలు కక్కే అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని ఒక తల్లి పరుగెత్తి వచ్చిందట. వీపున వేలాడుతున్న పిల్ల ఒక చేత్తో తల్లి నుదురు పట్టుకుని, రెండో చేత్తో గిన్నెలో అన్నం తవ్వుకు తింటోంది. చెప్పినప్పుడల్లా టబ్‌మన్ నవ్వేదేమో!

ఇంత చేసినా సర్కారు చాలా ఏళ్లు పింఛను ఇవ్వలేదు. 1895లో, సైనికుడైన రెండో భర్త వితంతువుగా నెలకు 8 డాలర్లు ఇచ్చారు. 1899లో యుద్ధకాలపు నర్సు పని లెక్కేసి దాన్ని 20 చేశారు. ఆమె బొమ్మతో 20 డాలర్ల నోటు వేస్తామని 2016లో ప్రకటించారు. ఇంకా వేయలేదు.