మీకు తెలుసా? రక్తంలో చక్కెర ఒక్క చెంచాడే!

● మన ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున ఆ రక్తమంతటిలో చక్కెర ఎంతుంటుందో చెప్పుకోండి చూద్దాం? 5 గ్రాములు, అంటే ఒక్క టీ చెంచాడు! ఆ కొలత తప్పకుండా కాపలా కాసేది ఇన్సులిన్.

● మధుమేహాన్ని మొదట పసిగట్టినవి చీమలు! రోగి మూత్రానికి చీమలు పట్టడం చూసే మన ప్రాచీన వైద్యులు దీన్ని తేనెలాంటి మూత్రం అన్నారు.

● షుగరున్న కోట్లమంది రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రకు పుట్టిల్లు ఒక మొక్క! ఐరోపాలో పెరిగే గలేగా అనే ఊదాపూల మొక్కలోని పదార్థమే దాని తయారీకి దారి చూపింది.

● గ్లూకోజు రక్తంలో చక్కెరను పెంచే వేగాన్ని 100 అనుకుంటే తెల్లన్నానిది 70 పైమాటే, ఉడికించిన శనగలది 30 లోపే! టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ఈ కొలబద్దను లోకానికి ఇచ్చింది.

● పొద్దున తిన్న పప్పుధాన్యాలు మధ్యాహ్నం భోజనానికీ కాపలా కాస్తాయి! వాటి పీచు, పిండిపదార్థం మెల్లగా అరగడంవల్ల తర్వాతి పూట కూడా చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

● అదే కంచం, అదే అన్నం, అదే కూర. వరస మార్చితే చాలు, షుగరు పెరుగుదల తగ్గుతుంది! ముందు కూరగాయలు, పప్పు తిని ఆఖర్న అన్నం తింటే చక్కెర రక్తంలోకి నిదానంగా చేరుతుంది.

● చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం పీచులా మారిపోతుంది! చిన్న పేగు దాన్ని అరిగించుకోలేదు కాబట్టి అది పెద్ద పేగులోని మంచి బాక్టీరియాకు విందవుతుంది.

● ఒక పెద్ద చెంచాడు నూనె, ముప్పాతిక కిలో కీరదోస: రెండింట్లో దేనిలో ఎక్కువ కేలరీలు? దాదాపు సమానమే! కీరదోసలో ఎక్కువ భాగం నీళ్లే మరి.

● 100 గ్రాముల జామపండులో పీచు 5 గ్రాములకు పైనే, అంతే తెల్లన్నంలో అర గ్రాము కూడా ఉండదు! ఆ పీచే కడుపు నింపుతుంది, ఆకలిని ఆపుతుంది.

● పుణె డాక్టరు యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టరు యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు కొలత) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయులకూ షుగరు ఎందుకొస్తుందో 2004లో వచ్చిన ఈ పోలిక చెప్పకనే చెప్పింది.

● షుగరు అంచున ఉన్నవారు 70 కిలోల నుంచి 65కు దిగితే చాలు, ఎంత మేలో! బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో అమెరికా పరిశోధన తేల్చింది.

● నూనె తక్కువ; మొక్కల ఆహారం ఎక్కువగా కాదు, పూర్తిగా అదే! 2006లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలో 22 వారాలు ఇలా తిన్న షుగరు రోగుల్లో 43 శాతం మందికి మందులు తగ్గించగలిగారు. అయితే ఆ నిర్ణయం డాక్టరుదే, మీరు మాత్రం సొంతంగా మాత్ర ఆపకండి!

● పాలు, గుడ్లు కూడా మానేసినవారికి ఏ ఆకుకూరా ఇవ్వలేనిది విటమిన్ బి12! రోజుకు మైక్రోగ్రాముల్లోనే కావాలి గానీ అది మాత్రగానో, బి12 కలిపిన ఆహారంగానో తీసుకోక తప్పదు.

● పంచదార, మైదా, ఆలూ చిప్సు ఎక్కడివి? మొక్కలవే! అందుకే మొక్క తిండి అనగానే మురిసిపోకుండా, పీచు పోని తిండేనా అని అడగండి.