వెలుగు పడితే పనిచేసే మందు: మెదడు గడ్డలకు ఎప్పుడు వస్తుంది?



స్కానింగులో మెదడు గడ్డ తేలిన పేషెంట్ల బంధువులు ఈ మధ్య నన్ను ఒక మాట అడుగుతున్నారు. "సిస్టరమ్మా, లైటు వేసి గడ్డను చంపుతారట కదా, తల కోయకుండా అయిపోతుందా?" వారు విన్నది అబద్ధం కాదు. కానీ ఆ పని ఎంతవరకు వచ్చిందో తెలియకుండా ఆపరేషన్ వాయిదా వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

వెలుగుతో వైద్యం మనకు కొత్తేమీ కాదు. కామెర్లు వచ్చిన పసిబిడ్డలను నీలి లైటు కింద పడుకోబెట్టడం మీరు చూసే ఉంటారు. బొల్లి మచ్చలకు బావంచి గింజల మందు పూసి ఎండ తగలనివ్వడం పెద్దవాళ్లకు తెలుసు. (సొంతంగా చేయకండి, చర్మం బొబ్బలెక్కుతుంది.) 1900లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, ఒక రంగు కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుగు పడితే త్వరగా చనిపోతున్నాయని గమనించాడు. ఫోటోడైనమిక్ చికిత్సకు అదే మొదలు.

దీనికి మందు, వెలుగు, ఆక్సిజన్ మూడూ కావాలి. మందు గడ్డ కణాల్లో ఎక్కువగా చేరుతుంది. దాని మీద ఎర్రటి లేజర్ వెలుగు వేస్తే, అక్కడి ఆక్సిజన్ కణాన్ని చంపే రూపంలోకి మారుతుంది. వెలుగు మెదడులోకి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది కాబట్టి పుర్రె బయటి నుంచి వేస్తే చాలదు. గ్లయోబ్లాస్టోమా అనే చెడ్డ గడ్డ గరిక వేర్లలా మంచి మెదడులోకి పాకుతుంది, సర్జన్ ఎంత తీసినా కొన్ని కణాలు మిగులుతాయి. ఆ మిగిలినవాటిని ఆపరేషన్ సమయంలోనే వెలుగుతో చంపాలని ప్రయత్నం. జపాన్ 2013లో టాలపోర్ఫిన్ అనే మందును ఇందుకు అనుమతించింది. ఇలాంటి మందు ఇచ్చిన పేషెంటును కొన్ని రోజులు ఎండ తగలకుండా, మసక వెలుగు గదిలో ఉంచాలి. అది నర్సుల పని, తేలిక పనేమీ కాదు.

మరి పరీక్షలు ఎక్కడ ఆగాయి? గాజు పళ్లెంలో ఒకే పొరగా పెంచిన కణాలు లైటు వేయగానే చనిపోతాయి. అది చూసి సంబరపడితే మోసపోతాం. అసలు గడ్డ ముద్దగా ఉంటుంది, నడి భాగానికి ఆక్సిజన్ సరిగా అందదు. అందుకే ఇప్పుడు ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కనే పోషక ద్రవంలో చిన్న ఉండలుగా పెంచుతున్నారు. వీటిని ఆర్గనాయిడ్లు అంటారు. పేషెంట్ల గ్లయోబ్లాస్టోమా నుంచి ఇలా పెంచే పద్ధతిని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించింది. ఇలాంటి ఉండలో పై కణాలు చనిపోయినా లోపలివి బతకవచ్చు. వెలుగును మెల్లగా, విడతలుగా ఇస్తే ఆక్సిజన్ మళ్లీ చేరడానికి వ్యవధి దొరుకుతుంది. మంచి మెదడు కణాల ఉండలను పక్కన పెట్టి, వాటికి హాని జరుగుతుందా అని కూడా చూడవచ్చు. అయినా ఆ ఉండలో రక్తప్రసరణ లేదు. మనిషి తలలో ఏమవుతుందో అది పూర్తిగా చెప్పలేదు.

మన దగ్గరా పని జరుగుతోంది. కొత్త మందుల పరీక్షల్లో జంతువులకు బదులు ఇలాంటి పద్ధతులను వాడవచ్చని కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధనలు సవరించింది. పట్నం పోయేటప్పుడు సంగారెడ్డి దాటాక కంది దగ్గర కనిపించే ఐఐటీలో, వెలుగు పడితే వేడెక్కి క్యాన్సర్ కణాలను చంపే అతి సూక్ష్మ రేణువుల మీద డాక్టర్ అరవింద్ కుమార్ రెంగన్ బృందం పరిశోధన చేసింది. ఇది ఆక్సిజన్ పద్ధతి కాదు, దాని తోబుట్టువు అనుకోండి. అక్కడ ప్రయోగశాల ఉంది, వార్డు లేదు. పేషెంటును అక్కడికి తీసుకెళ్లి లాభం లేదు.

ఇప్పటికి గ్లయోబ్లాస్టోమాకు నిలిచిన వైద్యం ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్, టెమొజొలొమైడ్ మాత్రలు. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, పెద్ద వయసులో మొదటిసారి ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు బలం తగ్గడం, చూపు మసకబారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. హైదరాబాదులో పంజాగుట్ట నిమ్స్, రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు స్కాన్ ఫిల్ములు, పాత చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు వెంట పెట్టుకోండి. ఫిట్స్ మాత్రలు ప్రయాణం రోజు కూడా మానవద్దు.