8 కోర్ల చిప్.. పనిచేసేవి మాత్రం ఆరే! మిగతా రెండింటిని కంపెనీలే ఎందుకు ఆపేస్తాయో తెలుసా?

కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చాలామంది ముందుగా అడిగేది.. ఎన్ని కోర్లు అని. అయితే చిప్‌లో ఉన్న కోర్లన్నీ పనిచేయాలన్న రూలేమీ లేదు. కొన్నింటిని తయారీ కంపెనీలే ఫ్యాక్టరీలో ఆపేసి మార్కెట్లోకి వదులుతాయి. అంటే పాడైన సరుకును అంటగడుతున్నట్టేనా? ఆపేసిన కోర్‌ను మళ్లీ ఆన్ చేసుకోవచ్చా? సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏం చూసుకోవాలి? వివరంగా తెలుసుకుందాం..

అసలు కోర్ అంటే ఏంటి?

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. అందులో సొంతంగా ఒక పనిని నడిపించగల భాగమే కోర్. ఒకప్పుడు ప్రాసెసర్‌కు ఒక్కటే కోర్ ఉండేది. స్పీడ్ కావాలంటే దాని గిగాహెర్ట్జ్ పెంచుకుంటూ పోయేవారు. కానీ స్పీడ్‌తో పాటు వేడి, కరెంట్ వాడకం కూడా విపరీతంగా పెరిగాయి. ఇంటెల్ తన పెంటియమ్ 4ను 4 గిగాహెర్ట్జ్‌కు తీసుకెళ్లాలనుకుని, 2004లో ఆ ప్లాన్‌ను పక్కన పెట్టేసింది.

దీంతో కంపెనీలు రూటు మార్చాయి. ఒకే కోర్‌ను పరుగెత్తించే బదులు, ఒకే ప్రాసెసర్‌లో రెండు కోర్లు పెట్టాయి. ఐబీఎం 2001లోనే పవర్4 పేరుతో పెద్ద సర్వర్ల కోసం రెండు కోర్ల చిప్ తెచ్చింది. 2005లో ఇంటెల్ పెంటియమ్ డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 రావడంతో ఇళ్లలోని కంప్యూటర్లకూ డ్యూయల్ కోర్ వచ్చేసింది.

కోర్లు డబుల్ అయితే స్పీడ్ డబుల్ అవుతుందా?

కాదు. పెళ్లి వంటనే తీసుకోండి. నలుగురు కూర్చుంటే కూరగాయలు తరగడం త్వరగా అయిపోతుంది. కానీ అన్నం ఉడకడానికి పట్టే టైం పట్టాల్సిందే. పొయ్యి చుట్టూ ఎంతమంది నిలబడినా అది తగ్గదు. కంప్యూటర్‌లోనూ అంతే. వీడియో ఎడిటింగ్ లాంటి పనులను ముక్కలు చేసి కోర్లన్నింటికీ పంచొచ్చు. ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనులకు మాత్రం ఎన్ని కోర్లున్నా పెద్దగా లాభం ఉండదు. అందుకే వేర్వేరు తరాల ప్రాసెసర్లను కేవలం కోర్ల సంఖ్య చూసి పోల్చకూడదు.

మరి ఉన్న కోర్లను ఎందుకు ఆపేస్తారు?

చిప్‌లను ఒక్కొక్కటిగా తయారు చేయరు. వేఫర్ అనే గుండ్రటి సిలికాన్ పలకపై ఒకేసారి వందలకొద్దీ ముద్రిస్తారు. ప్రస్తుతం వాడే పెద్ద వేఫర్ల వెడల్పు 300 మిల్లీమీటర్లు. ఒక్కో చిప్‌లో కోట్లలో ట్రాన్సిస్టర్లు ఉంటాయి. కంటికి కనిపించని ధూళి కణం పడినా, చిన్న లోపం వచ్చినా ఆ చోట ఉన్న కోర్ పనికిరాకుండా పోతుంది.

8 కోర్లలో ఒకటి పాడైందని మొత్తం చిప్‌ను పారేస్తే నష్టం భారీగా ఉంటుంది. ఆ భారం చివరికి కొనేవాళ్ల మీదే పడుతుంది. అందుకే ప్రతి చిప్‌ను పరీక్షిస్తారు. అన్నీ బాగున్నవి 8 కోర్ల మోడల్‌గా వెళ్తాయి. ఒకటో రెండో తేడాగా ఉన్నవాటిలో రెండు కోర్లను ఆపేసి, 6 కోర్ల మోడల్‌గా తక్కువ ధరకు అమ్ముతారు. ఇలా గ్రేడ్లుగా విడదీయడాన్నే బిన్నింగ్ అంటారు.

ఏఎండీ 2020లో తెచ్చిన రైజెన్ 5 5600ఎక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని చిప్‌పై ఉన్నవి 8 కోర్లు, పనిచేసేవి 6. అదే చిప్ పూర్తిగా పనిచేస్తే అది రైజెన్ 7 5800ఎక్స్.

గేమింగ్ కన్సోళ్లలోనూ ఇదే పద్ధతి

2006లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్‌లో ప్రధాన కోర్‌తో పాటు 8 చిన్న సహాయక కోర్లు ఉండేవి. వాటిలో ఒకదాన్ని ముందే ఆపేశారు. ఒకటి సిస్టమ్ అవసరాలకు పోగా, గేమ్‌లకు మిగిలినవి ఆరే.

యాపిల్ 2024 ఐప్యాడ్ ప్రోలోనూ ఎం4 చిప్ రెండు రకాలుగా వచ్చింది. 256, 512 జీబీ మోడళ్లకు 9 కోర్ల సీపీయూ ఇస్తే, 1 టీబీ, 2 టీబీ మోడళ్లకు 10 కోర్లది ఇచ్చారు.

ఆపేసిన కోర్‌ను ఆన్ చేయొచ్చా?

ఒకప్పుడు ఇది సాధ్యమైంది. 2009లో వచ్చిన ఏఎండీ ఫెనమ్ 2 ఎక్స్3 ప్రాసెసర్లు మూడు కోర్లవి. నిజానికి అవి నాలుగు కోర్ల చిప్‌లే. కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లో ఒక ఆప్షన్ మారిస్తే నాలుగో కోర్ లేచి కూర్చునేది! డిమాండ్ కోసం బాగున్న కోర్‌నే ఆపేసిన చిప్ చేతికొస్తే అదృష్టమే. నిజంగా లోపమున్న చిప్ అయితే సిస్టమ్ హ్యాంగ్ అయ్యేది. కొన్నిసార్లు అసలు ఆన్ కూడా అయ్యేది కాదు. ఇప్పటి చిప్‌లలో ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా కట్ చేసేస్తున్నారు కాబట్టి ఆ ఛాన్స్ దాదాపు లేనట్టే. ఆన్ చేసి ఇస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మొద్దు.

ఇది మోసమా? కాదు. 6 కోర్లని చెప్పి 6 కోర్ల ధరకే అమ్ముతున్నారు. పనిచేసే కోర్లన్నీ పరీక్షలో పాసైనవే. ఆపేసిన కోర్ వల్ల మిగతావాటికి నష్టం లేదు.

కొనేముందు ఇలా చెక్ చేయండి

విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేస్తే కోర్స్, లాజికల్ ప్రాసెసర్స్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. చాలా ప్రాసెసర్లలో ఒక్కో కోర్ రెండు పనులను కలిపి నడుపుతుంది కాబట్టి రెండో అంకె ఎక్కువగా ఉంటుంది. 4 కోర్లు, 8 లాజికల్ ప్రాసెసర్లు ఉన్న ల్యాప్‌టాప్‌ను 8 కోర్లదని చెబితే ఒప్పుకోవద్దు. మోడల్ నంబర్‌ను కంపెనీ అధికారిక సైట్‌లో సరిచూసుకోండి.

అక్కడ రాసినదానికంటే తక్కువ కోర్లు కనిపిస్తే చిప్ పోయిందని కంగారు పడకండి. బయోస్‌లో కోర్లను తగ్గించి ఉండొచ్చు. లేదా ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్‌కు టిక్ పెట్టి ఉండొచ్చు. ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఇది పెడితే స్పీడ్ పెరుగుతుందని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు. నిజానికి అది కోర్ల వాడకానికి పరిమితి పెట్టే ఆప్షన్. మామూలుగానే విండోస్ అన్ని కోర్లనూ వాడుకుంటుంది.

ఇక ఫోన్ల విషయానికొస్తే.. కొన్ని యాప్‌లలో ఆక్టాకోర్ ఫోన్ కోర్లు ఆగినట్టు చూపిస్తే భయపడక్కర్లేదు. పని లేనప్పుడు బ్యాటరీ ఆదా కోసం ఫోనే వాటిని నిద్రపుచ్చుతుంది. గేమ్ ఓపెన్ చేయగానే అవి మళ్లీ లేస్తాయి. ఫ్యాక్టరీలో ఆపేసిన కోర్ మాత్రం ఇలా లేవదు.. అసలు ఆ లెక్కలోనే కనిపించదు.